దేవీలాల్: ప్రధాని కుర్చీ చేతికొచ్చినా వద్దన్న రైతు.. హర్యానా ‘తావూ’ కథ ఇదీ

1989 డిసెంబర్ 1. ఢిల్లీ పార్లమెంట్ సెంట్రల్ హాల్. కాంగ్రెస్ ఓడింది, కొత్త ప్రధాని ఎవరన్నదే అందరి ప్రశ్న. వీపీ సింగ్ లేచి దేవీలాల్ పేరు ప్రతిపాదించారు. చంద్రశేఖర్ బలపరిచారు. నాయకుడిగా ఎన్నికైనట్టు ప్రకటన కూడా వచ్చేసింది. అప్పుడు 75 ఏళ్ల దేవీలాల్ లేచి, తనను హర్యానాలో అందరూ ‘తావూ’ అంటారని, అలాగే ఉండిపోతానని చెప్పి వీపీ సింగ్ పేరు ప్రతిపాదించారు. హాలంతా షాక్! తనకు ముందే తెలియకుండా నడిచిన ఈ వ్యూహంపై మండిపడ్డ చంద్రశేఖర్ బయటకు వెళ్లిపోయారు.

తావూ అంటే మన భాషలో పెదనాన్న. తలపాగా, ధోవతి, చేతిలో కర్రతో కనిపించే ఈ పెద్దాయన అసలు ఎవరు? పొలం నుంచి ఢిల్లీ దాకా ఎలా వెళ్లారు?

భూస్వామి ఇంట పుట్టి.. కౌలు రైతుల వైపు

1914 సెప్టెంబర్ 25న ఇప్పటి హర్యానాలోని సిర్సా జిల్లా తేజాఖేడాలో దేవీలాల్ పుట్టారు. తండ్రి చౌదరి లేఖ్‌రామ్‌కు బోలెడు భూములు. తర్వాత కుటుంబం చౌటాలా గ్రామానికి మారింది. కొడుకు ఓంప్రకాశ్ పేరు చివర చేరింది ఆ ఊరి పేరే.

కుస్తీ అంటే ప్రాణం. చదువు మాత్రం పదో తరగతి దగ్గరే ఆగింది. స్వాతంత్ర్య ఉద్యమంలోకి దూకి 1930లో జైలుకెళ్లారు. క్విట్ ఇండియా సమయంలో అన్న సాహిబ్ రామ్‌తో కలిసి మళ్లీ జైలు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన పట్టుకున్న సమస్య కౌలు రైతులది. తరాలుగా దున్నుతున్న భూముల నుంచి వాళ్లను వెళ్లగొడుతుంటే వాళ్ల తరఫున నిలబడ్డారు, అరెస్టయ్యారు. తమదే పెద్ద భూముల కుటుంబమైనా ఆయన వెనక్కి తగ్గలేదు. 1952లో సిర్సా నుంచి పంజాబ్ అసెంబ్లీకి ఎన్నికయ్యారు.

1966 నవంబర్ 1న హర్యానా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. దానికోసం గట్టిగా కొట్లాడిన వాళ్లలో దేవీలాల్ ఒకరు. 1971లో కాంగ్రెస్‌ను వదిలేశారు. ఎమర్జెన్సీలో జైలు పాలయ్యారు. 1977లో జనతా గాలిలో తొలిసారి ముఖ్యమంత్రి అయ్యారు. రెండేళ్లకే సొంత పార్టీ ఎమ్మెల్యేలను భజన్‌లాల్ తన వైపు తిప్పుకోవడంతో కుర్చీ పోయింది.

గవర్నర్ గడ్డం పట్టుకున్న రోజు

1982 ఎన్నికల్లో 90 సీట్లలో కాంగ్రెస్‌కు 36 వచ్చాయి. దేవీలాల్ లోక్‌దళ్, బీజేపీ కూటమికి 37. తనకు మద్దతిస్తున్న ఎమ్మెల్యేలతో రావాలని గవర్నర్ జీడీ తపాసే దేవీలాల్‌కు చెప్పారు. కానీ అంతకు ముందు రోజే భజన్‌లాల్‌తో ప్రమాణం చేయించేశారు. రాజ్‌భవన్‌కు వెళ్లిన దేవీలాల్ కోపంతో గవర్నర్ గడ్డం పట్టుకున్నారు. ఈ ఘటన అప్పట్లో దేశమంతా సంచలనమైంది.

రెండేళ్లకే 1984 ఆగస్టులో ఇక్కడ ఎన్టీఆర్‌ను గవర్నర్ రామ్‌లాల్ గద్దె దించారు. ఇద్దరిదీ ఒకే గాయం. ఆ ఇద్దరి పార్టీలూ తర్వాత ఎన్టీఆర్ ఛైర్మన్‌గా ఏర్పడ్డ నేషనల్ ఫ్రంట్‌లో కలిసి నడిచాయి.

100 రూపాయల పెన్షన్

1985లో రాజీవ్ గాంధీ, లోంగోవాల్ మధ్య పంజాబ్ ఒప్పందం కుదిరింది. నీళ్లు, భూభాగం విషయంలో హర్యానాకు అన్యాయం జరిగిందంటూ దేవీలాల్ ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. ‘న్యాయ యుద్ధం’ పేరుతో ఊరూరా తిరిగారు. పల్లెల్లో జనంతో కలిసి హుక్కా పీల్చడం, మంచం మీద కూర్చొని ముచ్చటించడం.. ఇదే ఆయన ప్రచారం. ఫలితం 1987లో వచ్చింది. లోక్‌దళ్‌కు 60, మిత్రపక్షం బీజేపీకి 16. కాంగ్రెస్‌కు 5 సీట్లే!

రెండోసారి సీఎం అయ్యాక 65 ఏళ్లు దాటిన వాళ్లకు నెలకు 100 రూపాయల పెన్షన్ మొదలుపెట్టారు. చేతిలో పైసా లేని ముసలివాళ్లకు అది ఇంట్లో కాస్త విలువ తెచ్చింది. హర్యానాలో ఆ పెన్షన్ 2024 నాటికి నెలకు 3 వేల రూపాయలకు చేరింది. పార్టీలు మారినా పథకాన్ని ఎవరూ ఆపలేకపోయారు.

1989లో ఉప ప్రధాని, వ్యవసాయ మంత్రి అయ్యారు. దేశవ్యాప్తంగా రైతులకు 10 వేల రూపాయల దాకా రుణమాఫీ ఆ ప్రభుత్వ హయాంలోనే వచ్చింది.

కొడుకు కోసం.. పోయిన పేరు

ప్రజాపాలన ప్రజల ముందు సిగ్గుపడేలా ఉండకూడదు అనేది తావూ మాట. ‘లోక్‌రాజ్ లోక్‌లాజ్‌తో నడుస్తుంది’ అనేవారు. కానీ ఢిల్లీ వెళ్తూ సీఎం కుర్చీని కొడుకు ఓంప్రకాశ్ చౌటాలాకే ఇచ్చారు. చౌటాలా ఎమ్మెల్యే కావాలంటే ఉప ఎన్నిక గెలవాలి. తండ్రి ఖాళీ చేసిన మెహమ్‌లో 1990 ఫిబ్రవరిలో పోలింగ్ జరిగింది. రిగ్గింగ్ ఆరోపణలు, హింస, ప్రాణనష్టం. మేలో చౌటాలా దిగిపోవాల్సి వచ్చింది. జులైలో మళ్లీ సీఎం అయినా నాలుగైదు రోజుల ముచ్చటే.

కేబినెట్ సహచరులపైనే దేవీలాల్ ఆరోపణలకు దిగడంతో 1990 ఆగస్టు 1న వీపీ సింగ్ ఆయన్ను తప్పించారు. తాను ప్రధానిని చేసిన మనిషే తనను బయటకు పంపారన్నమాట. చంద్రశేఖర్ ప్రభుత్వంలో మళ్లీ ఉప ప్రధాని అయినా అదీ కొన్ని నెలలే.

ఆ తర్వాత రోహ్‌తక్ లోక్‌సభ స్థానంలో భూపీందర్ సింగ్ హుడా చేతిలో వరుసగా మూడు ఓటములు.. 1991, 1996, 1998. చివరిసారి తేడా 383 ఓట్లే. 1998లో రాజ్యసభకు వెళ్లారు. 2001 ఏప్రిల్ 6న ఢిల్లీలో కన్నుమూశారు. అప్పటికి హర్యానా సీఎం మళ్లీ చౌటాలాయే. చరణ్‌సింగ్ సమాధి కిసాన్ ఘాట్ పక్కనే దేవీలాల్ స్మారకం సంఘర్ష్ స్థల్ ఉంది.

ఇప్పుడు ఏమైంది?

టీచర్ల నియామకాల కుంభకోణంలో 2013లో చౌటాలాకు, ఆయన కొడుకు అజయ్‌కు పదేళ్ల జైలు శిక్ష పడింది. 2018లో కుటుంబం చీలింది. ముని మనవడు దుష్యంత్ పెట్టిన జననాయక్ జనతా పార్టీ 2019లో 10 సీట్లు గెలిచింది. ఆయన డిప్యూటీ సీఎం అయ్యారు. 2024లో ఆ పార్టీకి సున్నా, ఐఎన్‌ఎల్‌డీకి రెండే సీట్లు. అదే ఏడాది డిసెంబర్‌లో చౌటాలా చనిపోయారు.

90 సీట్లలో ఐదింటిని మాత్రమే కాంగ్రెస్‌కు మిగిల్చిన నాయకుడి వారసులు ఇప్పుడు ఉనికి కోసం పోరాడుతున్నారు. కానీ నెల తిరిగేసరికి హర్యానా పల్లెల్లో పెన్షన్ అందుకునే వృద్ధులకు తావూ పేరు ఇంకా గుర్తుంది.