జార్జిటౌను జార్జి రెండో కొడుకు

మద్రాసు సౌకార్‌పేటలో మాది నాలుగు తరాల కాగితాల వ్యాపారం. మా బిల్లు పుస్తకాల మీద ఇప్పటికీ ‘జార్జిటౌను’ అనే ఉంటుంది. ఆ జార్జి ఎవరో మా పేట పిల్లలకు చెప్పాలని నా తపన.

ఆయన ఐదో జార్జి. విక్టోరియా రాణి పెద్ద కొడుకు ఎడ్వర్డుకు రెండో కొడుకు. గద్దె అన్న ఆల్బర్ట్ విక్టర్‌ది. పెళ్లి కుదిరిన కొద్ది వారాలకే, 1892 జనవరి 14న, అన్న న్యుమోనియాతో పోయాడు. అప్పటికి 28 ఏళ్లు. నౌకాదళంలో పనిచేస్తున్న తమ్ముడు వారసుడయ్యాడు. మరుసటేడు అన్నకు అనుకున్న మేరీనే పెళ్లాడాడు. ఇలాంటి సంబంధాలు మన ఇళ్లలోనూ జరిగాయి. 1910లో తండ్రి పోగానే రాజయ్యాడు.

ఆ వంశం గొడవ మన వీధుల దాకా వచ్చింది. జర్మనీ కైజరు విల్‌హెల్మ్ కూడా విక్టోరియా మనవడే, జార్జికి మేనత్త కొడుకు. ఇద్దరి దేశాల మధ్య యుద్ధం మొదలయ్యాక, 1914 సెప్టెంబరు 22 రాత్రి కైజరు యుద్ధనౌక ఎండెన్ మద్రాసు రేవు మీద గుళ్లు కురిపించింది. బర్మా ఆయిల్ ట్యాంకులు తగలబడ్డాయి. మా ముత్తాత ఖాతా పుస్తకాలు బండికెత్తి, ఇంటిల్లిపాదినీ తిరువళ్లూరు చేర్చాడట.

జర్మన్ల మీద ద్వేషం పెరగడంతో జార్జి 1917లో సాక్స్-కోబర్గ్-గోథా అన్న ఇంటిపేరు వదిలి విండ్సర్ పెట్టుకున్నాడు. 1936లో ఆయన పెద్ద కొడుకు గద్దె వదులుకుంటే, మళ్లీ రెండో కొడుకే రాజయ్యాడు. ఇప్పటి రాజు చార్లెస్ ఆ రెండో కొడుక్కి మనవడు.