గద్దర్‌ను ఏ పేరుతో రాయాలె?

రామంతాపూర్ నుంచి తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్‌కు రోజూ పోతుంటాం. ఈ దారిలో గద్దర్ ఎవరని అడిగితే చెప్పనోళ్ళు అరుదు. గుమ్మడి విఠల్‌రావు ఎవరంటే చాలామంది ఆగి ఆలోచిస్తారు. ఇద్దరూ ఒక్కరే. మరి విజ్ఞాన సర్వస్వంలో ఆయన జీవితాన్ని ఏ పేరుతో రాయాలె?

మొదటిసారి పూర్తి పేరు, తర్వాత చివరి మాట మాత్రమే రాయడం ఇంగ్లీషు పద్ధతి. ఆ లెక్కన గద్దర్ 'రావు' అయిపోతారు. మనకు ఇంటిపేరు ముందుంటది. ఆయన ఇంటిపేరు గుమ్మడి. 'రావు' పేరు చివర చేరే గౌరవపదం. తెలంగాణ పల్లెల్లో ఒట్టి 'రావు' అంటే దొర గుర్తుకొస్తడు. తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టి దొరల మీద పాట కట్టిన మనిషిని అట్లా రాస్తే చరిత్ర తలకిందులైతది. మాదరి భాగయ్యగా పుట్టిన ఆది హిందూ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ (1888–1939)ను ఒట్టి 'వర్మ' అని రాసినా ఇదే చిక్కు.

కొందరు 'విఠల్‌రావు అలియాస్ గద్దర్' అంటారు. 'అలియాస్' పోలీసు కాగితాల మాట. పేరు మార్చుకున్నోడు ఏదో దాస్తున్నడన్న అనుమానం అందులో ఉంది. గద్దర్ దాచుకోవడానికి పెట్టుకున్న పేరు కాదు. 1913లో అమెరికాలోని భారతీయ వలసదారులు పెట్టిన గదర్ పార్టీని తలచుకొని తీసుకున్న పేరు. మూలం గదర్ కాబట్టి సరిదిద్దుతామనడం కూడా తప్పే. జనం నోట నిలిచింది గద్దర్. 2025లో తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులిచ్చిందీ ఆ పేరు మీదనే.

మన తాతలను ఊరి పెద్దలు 'ఎల్లిగ', 'మల్లిగ' అని కురచ చేసి పిలిచిండ్రు. పేరు పెట్టే అధికారం మన చేతిలో లేకుండె. అందుకే తానే ఎంచుకున్న పేరును పక్కకు నెట్టరాదు. అట్లని పుట్టిన పేరును చెరిపేయరాదు. ఊరు, ఇంటిపేరు పోతే ఆయన ఏ వాడ నుంచి వచ్చిండ్రో రేపటి విద్యార్థికి తెలియదు.

మేం అనుకునేది ఇది. శీర్షిక 'గద్దర్' అనే ఉండాలె. పుట్టిన పేరు మొదటి వాక్యంలో పూర్తిగా రావాలె. బాల్యం, చదువు చెప్పేకాడ 'విఠల్' అనొచ్చు. జన నాట్య మండలి కాలం నుంచి 2023 ఆగస్టు 6న కన్నుమూసేదాకా గద్దరే.

క్రియ సంగతీ చూడాలె. కూచిపూడి గురువు 'నేర్పారు', చిందుల ఎల్లమ్మ 'ఆడింది' అని ఒకే పుస్తకంలో రాస్తే పేరు సరిగ్గా రాసినా లాభం లేదు. 'నేర్పాడు' అంటే 'ఆడింది' అనాలె, 'నేర్పారు' అంటే 'ఆడారు' అనాలె.