త్సుబ పక్కన సెప్ప

జపాన్ కత్తిలో పిడికీ అలుగుకీ నడుమ ఉండే లోహపు బిళ్ల త్సుబ. చేయి జారి అలుగు మీదికి పోకుండా ఆపుతుంది. ఇనుమును తొలిచి కొంగలను ఎగరేసిన పనివాళ్లున్నారు. రాగిలో కాస్త బంగారం కలిపి, ఆ ‘షకుదో’కు నీలినలుపు నిగారింపు తెప్పించినవాళ్లూ ఉన్నారు.

అందరి చూపూ త్సుబ మీదే. నాకు మాత్రం దానికి అటూ ఇటూ అంటిపెట్టుకుని, అది కదలకుండా బిగించే పలచని రేకులంటే ఇష్టం. వాటి పేరు సెప్ప. ఆ రేకు ఇరుక్కుపోతే కత్తి ఒరలోంచి రాదు, శత్రువేమో ఎదుటే ఉంటాడు. ‘సెప్ప త్సుమరు’ అనే పలుకుబడి ఇలా పుట్టిందని ఎక్కువగా చెబుతారు. పీకల మీదికి వచ్చి, ఇక దారి లేకపోవడమని అర్థం. అప్పు గడువు ముంచుకొచ్చినవాడికీ, తెల్లవారితే పరీక్ష ఉన్న విద్యార్థికీ ఈ మాట చక్కగా సరిపోతుంది.

త్సుబకూ ఓ పలుకుబడి దక్కింది. ఇద్దరు యోధులు త్సుబకు త్సుబ ఆనించి నెట్టుకోవడం ‘త్సుబజెరియై’. హోరాహోరీ ఎన్నికల గురించి రాసేటప్పుడు అక్కడి పత్రికలు ఇప్పటికీ దీన్నే వాడతాయి.

1876లో ప్రభుత్వం బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించింది. త్సుబలు చెక్కడంలో మేటి అయిన కానో నత్సువో అప్పటికే మెయిజీ నాణేల నమూనాలు చెక్కుతున్నాడు.