టాక్సీలో వచ్చిన ముసాఫిర్

మా చిన్నోడు సలా దీవానా. సలా మ్యాచ్ ఉందంటే అర్ధరాత్రి దాటినా వాడికి నిద్ర రాదు. మొన్న నన్నో సవాల్ అడిగాడు: "అబ్బా, ఆఫ్రికా నుంచి యూరప్ వెళ్లి ఆడినోళ్లలో సలా కంటే ముందు గొప్పోళ్లు ఎవరూ లేరా?" ఉన్నారు బేటా అన్నాను. కానీ ఒక్క మాటలో అయిపోయే కిస్సా కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇళ్లలో పిల్లలకూ వినిపించండి.

మాలీ రాజధాని బమాకోలో 1946లో పుట్టినవాడు సలీఫ్ కీటా. ఫ్రాన్స్‌లో సెయింట్ ఎటియెన్ అనే బొగ్గుగనుల ఊరి క్లబ్‌కు బమాకోలో ఒక అభిమాని ఉండేవాడు. ఈ కుర్రాడిని పిలిపించుకోమని ఆయన క్లబ్‌కు ఖత్‌లు రాశాడు. 1967లో కీటా చాటుగా, లైబీరియా మీదుగా సఫర్ మొదలుపెట్టాడు. పారిస్‌లో విమానం దిగితే తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. అతను ఒక టాక్సీ ఎక్కి సెయింట్ ఎటియెన్ పోనిమ్మన్నాడు. అది దాదాపు 500 కిలోమీటర్ల దూరం! హైదరాబాద్‌లో టాక్సీ ఎక్కి కడప కూడా దాటించమన్నట్టు. కిరాయి చివరికి క్లబ్బే కట్టింది.

ఆ కిరాయి క్లబ్‌కు ఏమాత్రం నుక్సాన్ కాలేదు. 1968, 1969, 1970 - వరుసగా మూడేళ్లు సెయింట్ ఎటియెన్ ఫ్రాన్స్ ఛాంపియన్. 1970లో ఆఫ్రికా ఉత్తమ ఫుట్‌బాలర్ అవార్డు మొదలైతే, దాన్ని అందుకున్న పెహలా ఆటగాడు కీటానే. 1970-71 సీజన్ ఒక్కదాంట్లోనే లీగ్‌లో 42 గోల్స్ కొట్టాడు.

అయితే కీటా చేరినప్పుడు ఆ టీమ్‌లో ఇంకో ఆఫ్రికన్ అప్పటికే ఉన్నాడు. అల్జీరియా వాడైన రషీద్ మెఖ్లూఫీ. అతని తారీఖ్ తెలియకుండా కీటా తారీఖ్ పూర్తి కాదు.

మెఖ్లూఫీ 1936లో సెతీఫ్‌లో పుట్టాడు. 1945 మే 8న ఆజాదీ అడిగినందుకు ఫ్రెంచ్ హుకూమత్ కాల్పులు జరిపిన ఊరు అదే. అల్జీరియా అప్పుడు ఫ్రాన్స్ గులామీలో ఉంది కాబట్టి అతను ఫ్రాన్స్ జట్టుకే ఆడాల్సి వచ్చింది. 1957లో సెయింట్ ఎటియెన్‌ను ఛాంపియన్‌గా నిలబెట్టాడు. మరుసటి ఏడు స్వీడన్‌లో ప్రపంచ కప్ ముందుంది. సరిగ్గా ఆ సమయంలో, 1958 ఏప్రిల్‌లో, సైన్యంలో సర్వీస్ చేస్తూనే దేశం దాటిపోయాడు. పట్టుబడితే ఫౌజ్ నుంచి పారిపోయిన ముజ్రిమ్ అయ్యేవాడు. ఇంకొందరు అల్జీరియా ఆటగాళ్లతో కలిసి ట్యూనిస్ చేరి, ఆజాదీ కోసం పోరాడే ఎఫ్‌ఎల్‌ఎన్ జట్టులో ఆడాడు. ఫిఫా ఆ జట్టును ఒప్పుకోలేదు. ప్రపంచ కప్ పోయింది. ఆటగాడి జిందగీలో బంగారం లాంటి నాలుగేళ్లు పోయాయి. 1962లో వతన్ ఆజాద్ అయ్యాకే మళ్లీ సెయింట్ ఎటియెన్‌కు వచ్చాడు. 1968 ఫ్రెంచ్ కప్ ఫైనల్లో బోర్డో మీద 2-1తో గెలిస్తే, ఆ రెండు గోల్సూ అతనివే.

ఒకరు వతన్ కోసం రోజీ వదిలి వెళ్లారు. ఇంకొకరు రోజీ కోసం వతన్ వదిలి వచ్చారు. ఇద్దరూ ఒకే జెర్సీ వేసుకుని ఒకే కప్ ఎత్తారు. ఎవరు గొప్ప అని నన్ను అడక్కండి. అలా తూకం వేయడం నాకు ఇష్టం లేదు.

ఎందుకంటే కీటాకూ ఇమ్తెహాన్ వచ్చింది. 1972లో మార్సెయ్ క్లబ్‌కు మారాడు. పరదేశీలు ఇద్దరికి మించి ఆడకూడదని అప్పటి రూల్. అక్కడ స్కోబ్లార్, మాగ్నుసన్ అప్పటికే ఉన్నారు. నువ్వు ఫ్రెంచ్ పౌరసత్వం తీసుకో, ఇబ్బంది తీరిపోతుంది అన్నారు క్లబ్ పెద్దలు. కీటా ఇన్కార్ చేశాడు. ఫ్రాన్స్‌నే వదిలి 1973లో స్పెయిన్‌లోని వాలెన్సియాకు, ఆ తర్వాత పోర్చుగల్‌లోని స్పోర్టింగ్‌కు వెళ్లాడు. కాగితం మార్చుకుంటే సులువుగా దొరికే కామియాబీని వద్దనుకున్నాడు.

ఇది రాస్తుంటే మా భాయ్‌జాన్ గుర్తొస్తున్నారు. 19 ఏళ్లు జెద్దాలో మెహనత్ చేశారు. ఆయన పంపిన పైసాతోనే నా చదువు, ఇద్దరు చెల్లెళ్ల షాదీలు. అమ్మీ జనాజాకు మాత్రం ఆయన అందలేదు. "వతన్ మర్చిపోయాడు" అని ఖాందాన్‌లో కొందరు అన్నారు. ఆ మాట ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు. వెళ్లినవాడు మర్చిపోయాడని తేల్చేయడం ఇంట్లో కూర్చున్నవాళ్లకు చాలా ఆసాన్.

కీటా మర్చిపోలేదు. 1990లలో బమాకోలో తన పేరుతోనే ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రం పెట్టాడు. రియల్ మాడ్రిడ్‌కు ఆడిన మహమదు దియారా, బార్సిలోనాకు ఆడిన సేదు కీటా అక్కడ తయారైనవాళ్లే. సేదు ఆయన సొంత బంధువు. 2005 నుంచి 2009 వరకు మాలీ ఫుట్‌బాల్ ఫెడరేషన్ సదర్‌గా కూడా పనిచేశాడు. 2023 సెప్టెంబర్‌లో ఇంతెఖాల్ అయ్యాడు.

కిస్సా అంతా విన్నాక మా చిన్నోడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తాయా అబ్బాను ఎయిర్‌పోర్టులో తీసుకెళ్లడానికి ఎవరైనా వచ్చారా, అబ్బా?" అన్నాడు.

నాకు తెలీదు. ఇన్నేళ్లలో నేనెప్పుడూ అడగలేదు. ఈ ఆదివారం అడుగుతాను.