నీళ్లను మోసే చెక్క: ఆక్వేరియం స్టాండు పుట్టుపూర్వోత్తరాలు

ఆక్వేరియం స్టాండును మనం ఫర్నిచర్ లెక్కలో వేస్తాం. టీవీ బల్ల, బట్టల బీరువా చేసిన వడ్రంగికే దీన్నీ పురమాయిస్తాం. రంగు సోఫాకు కలిసిందా, తలుపులు సాఫీగా మూసుకుంటున్నాయా అని చూసుకుని డబ్బులిచ్చేస్తాం. కానీ దాని పుట్టుక తరచి చూస్తే ఈ లెక్క తప్పని తేలుతుంది. అది బీరువా వంశానిది కాదు. నీళ్ల కుండలను మోసిన చట్రం, మనిషిని మోసిన మంచం దాని పూర్వీకులు. గడిచిన అరవై ఏళ్లలో దాని రూపం బీరువా వైపు జరిగిపోయింది, దాని మీద పడిన పని మాత్రం చట్రానిదిగానే ఉండి ఇంకా కఠినమైంది. స్టాండు విషయంలో ఇళ్లలో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ రెంటి మధ్య దూరం నుంచి పుట్టినవే.

హైదరాబాద్ పాతబస్తీలోని మాదన్నపేట లాంటి చోట ఈ కథ బాగా అర్థమవుతుంది. గోల్కొండ చివరి సుల్తాను తానీషా కొలువులో చక్రం తిప్పిన మంత్రి మాదన్న పేరు మీద వెలసిన పేట ఇది. కుతుబ్ షాహీల నాటి ఈద్గా ఇప్పటికీ అక్కడుంది. ఆ కాలపు నగరంలో నీళ్లకు చోటు నేలే. చార్‌కమాన్ నడుమ గుల్జార్ హౌజ్, మక్కా మసీదు ముంగిట హౌజు, ఇళ్ల వాకిళ్లలో బావులు, గోలేలు... అన్నిటి బరువూ భూమిదే. ఇంట్లో నీళ్లు నేల విడిచి పైకెక్కింది తాగునీటి కుండలతో. కుండ అడుగున గాలి ఆడాలి, కారిన చెమ్మ ఆరాలి, వంగకుండా ముంచుకునే ఎత్తులో ఉండాలి. ఈ మూడు అవసరాలకూ పుట్టిందే నాలుగు కాళ్ల చెక్క చట్రం. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దాన్ని ఘడౌంచీ అన్నారు, తెలుగు ఇళ్లలో కుండల బల్ల అన్నారు. దానికి తలుపుల్లేవు, సొరుగుల్లేవు. ఉన్నవల్లా కాళ్లు, వాటిని కలిపే పట్టెలు, తడి ఆరిపోయే సందులు.

గాజు తొట్టి మన దగ్గరికి వేరే దారిన వచ్చింది. 1845లో బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తేసింది, గాజు చవకైంది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త పన్నెండు గ్యాలన్ల తొట్టిలో, అంటే సుమారు 55 లీటర్ల నీటిలో, రెండు బంగారు చేపలను, నీటి మొక్కలను, నత్తలను కలిపి పెంచి, అవి ఒకదాన్నొకటి ఎలా నిలబెడతాయో చూపించాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకం ఈ సరదాను మధ్యతరగతి ముందుగదుల్లోకి తెచ్చింది. 1909లో మద్రాసు సముద్రతీరాన ప్రజల కోసం ఆక్వేరియం వెలిసింది. అలాంటి పెద్ద ప్రదర్శనశాలల్లో కట్టుబడే బరువు మోస్తుంది కాబట్టి స్టాండు గొడవ లేదు. గొడవంతా ఇంటి తొట్టిదే. నాటి ఇంటి తొట్టికి పలకరాయి అడుగు, పోత ఇనుము చట్రం, అంచుల్లో పుట్టీ ఉండేవి. దాని ఆకారాన్ని ఆ ఇనుమే పట్టి ఉంచేది. కింద ఉన్న బల్ల కాస్త ఎగుడుదిగుడైనా చాలావరకు ఇనుమే సర్దుకునేది. అంటే అప్పటి స్టాండు పని ఒక్కటే, బరువు మోయడం.

అసలు మలుపు 1960ల్లో సిలికాన్ బంకతో వచ్చింది. గాజును గాజుకే అతికించడం సాధ్యమయ్యాక ఇనుప చట్రం అక్కర్లేకుండా పోయింది. అయితే చట్రం పోయినా దాని పని పోలేదు, కిందికి దిగి స్టాండు నెత్తిన పడింది. గాజు వంగదు. అడుగు పలకకు ఒక మూల రెండు మిల్లీమీటర్లు పల్లమైతే ఆ మెలిక అంతా అతుకుల మీద, గాజు మీద పడుతుంది. కాబట్టి కొత్త స్టాండు బరువు మోయడమే కాదు, ఏళ్ల తరబడి చదునుగా ఉండాలి కూడా. చిత్రమేమిటంటే సరిగ్గా ఈ కాలంలోనే ఫ్యాషన్ దాన్ని బీరువాగా మార్చేసింది. పంపులు, వైర్లు, మేత డబ్బాలు దాచడానికి తలుపులొచ్చాయి, పైన సన్‌మైకా వచ్చింది, లోపల పార్టికల్ బోర్డు వచ్చింది. కాళ్లు కనబడకుండా పోయాయి, కొన్ని స్టాండ్లలో అసలు లేకుండానే పోయాయి.

బరువెంతో లెక్క వేస్తే తేడా కళ్లకు కడుతుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో నిండా పట్టే నీళ్లు సుమారు 255 లీటర్లు, అంటే 255 కిలోలు. పది మిల్లీమీటర్ల గాజు మరో 50 కిలోలు. ఇసుక, రాళ్లు కలిపితే 340 దాటుతుంది. ఐదుగురు పెద్దవాళ్లు ఎక్కి కూర్చుని ఎప్పటికీ లేవనట్టు అన్నమాట. ఇందులో కీలకం ఆ లేవకపోవడమే. కుర్చీకి, మంచానికి రోజులో కొంతసేపైనా విశ్రాంతి దొరుకుతుంది, తొట్టి కింది చెక్కకు దొరకదు. ఎడతెగని బరువు కింద చెక్క నెమ్మదిగా కుంగుతూ పోతుంది. పాత వడ్రంగం దీనికి రెండు జవాబులు చెప్పింది. మంచం పట్టె చివరను సన్నగా చెక్కి, కోడుకు తొలిచిన బెజ్జంలో దిగగొడతారు. బరువు చెక్క నుంచి చెక్కకే దిగుతుంది, మేకు మీద ఆధారపడదు. రెండోది, పట్టెను పడుకోబెట్టరు, నిలబెడతారు. రెండంగుళాలు బై నాలుగంగుళాల టేకు పట్టెను నిలువుగా వాడితే, పడుకోబెట్టినదానికంటే నాలుగు రెట్లు తక్కువ వంగుతుంది. కర్ర అదే, ఖర్చూ అదే. ఆక్వేరియం స్టాండుకు ఇంకో మెట్టు కలపాలి. పట్టెను కాలి పక్కన స్క్రూలతో బిగించకుండా కాలి నెత్తిన కూర్చోబెట్టాలి. చెక్క తన నార వెంబడి ఒత్తిడిని బ్రహ్మాండంగా తట్టుకుంటుంది, నారకు అడ్డంగా అంత తట్టుకోలేదు.

ఇదంతా ఎందుకు, యాంగిల్ ఇనుముతో వెల్డింగ్ చేయిస్తే చవకగా, గట్టిగా అయిపోతుంది కదా అనొచ్చు. బలంలో ఇనుముకు వంక పెట్టలేం. వరసగా తొట్లు పేర్చే దుకాణాలకు అదే సరైనది. కానీ వెల్డింగ్ వేడికి చట్రం మెలి తిరగడం మామూలే. అలా తిరిగితే తొట్టి మూడు మూలల మీదే నిలుస్తుంది. చెక్కనైతే చిత్రిక పట్టి చదును చేసుకోవచ్చు. తడి తగిలేచోట రంగు ఎగిరిందంటే ఇనుముకు తుప్పు తప్పదు. ఇక రెండో అభ్యంతరం: ప్లైవుడ్ వచ్చాక కాళ్లు, పట్టెలు పాతకాలపు చాదస్తం కాదా? ఇందులో సగం నిజముంది. మంచి ప్లైవుడ్ పలకను నిలబెట్టి దాని అంచు మీద బరువు దింపితే అదే కాలు, అదే గోడ. వెనక బిగించిన పలక స్టాండు పక్కకు ఒరగకుండా కూడా పట్టి ఉంచుతుంది, ఆ పని తలుపులు చేయలేవు. అయితే పలక రకం చూడాలి. ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ నీటిని ఓర్చుకుంటుంది. పార్టికల్ బోర్డు తడిస్తే ఉబ్బుతుంది, ఉబ్బిన చోట స్క్రూ పట్టు వదిలేస్తుంది. కాబట్టి నా తగాదా ప్లైవుడ్‌తో కాదు, బరువు దిగే దారిని స్క్రూలకు అప్పగించే పద్ధతితో.

మూడో అభ్యంతరం, తొట్టి కింద థర్మోకోల్ షీటు పరిస్తే ఎగుడుదిగుళ్లు అవే సర్దుకుంటాయని. ఇసుక రేణువంత గరుకును అది మింగుతుంది, కుంగిన పట్టెను మింగలేదు. పైగా మన గచ్చులకు ఒక వాలు ఉంటుంది. కడిగిన నీళ్లు జారిపోవాలని షాబాదు బండలైనా టైల్స్ అయినా వాలుగానే పరుస్తారు. అందుకే స్టాండు కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టి నీటిమట్టం సరిచూడాలి, ఆ తర్వాతే నీళ్లు పోయాలి. ఒకప్పటి పెంకుటిళ్ల స్థానంలో మూడంతస్తుల ఇళ్లు లేచిన పేటల్లో ఇంకో లెక్క కూడా ఉంది. నివాసపు అంతస్తుకు మన ప్రమాణాలు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక బరువు లెక్క కడతాయి. పైన చెప్పిన తొట్టి తన కింది చోటు మీద చదరపు మీటరుకు 600 కిలోలు మోపుతుంది. స్లాబు ఆ బరువును పంచుకుంటుంది కాబట్టి గదిలో ఒక మూల ఒక తొట్టికి భయపడనక్కర్లేదు. కానీ దాన్ని గది నడుమ కాకుండా దూలం దగ్గర, గోడ వారన పెట్టాలి. ఇంకా పెద్ద తొట్టి అయితే ఇంజినీరును అడగాలి. స్టాండు పురమాయించేటప్పుడు వడ్రంగితో మాట్లాడే వరస కూడా మారాలి. నీటి బరువు ఏ కాలి మీదుగా నేలకు దిగుతుందో ముందు గీసి చూపించమనాలి. తలుపుల సంగతి, సన్‌మైకా రంగు సంగతి ఆ గీత కుదిరాకే.