ఇంతకీ ఆ ఏజెంటు ఎవరు?

గ్యాస్ ఏజెన్సీ, ట్రావెల్ ఏజెన్సీ, న్యూస్ ఏజెన్సీ... ఇవి ఎవరికైనా అర్థమవుతాయి. కానీ "మేష్టార్ని ఏజెన్సీకి వేసేశారట" అంటే మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండలు కళ్ళముందుకొస్తాయి. హైదరాబాదులో ఓ సహోద్యోగికి ఈ మాట చెప్తే "దేని ఏజెన్సీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే!

లాటిన్‌లో 'అగెరె' అంటే చెయ్యడం, నడపడం. ఏజెంట్ అంటే చేసేవాడు. తర్వాత్తర్వాత ఇంకొకరి తరఫున చేసేవాడయ్యాడు. (మా సాఫ్ట్‌వేర్‌లో ఏజెంట్లు కూడా ఈ బాపతే. మన పేరు చెప్పి తిరుగుతుంటాయి.)

మన ఏజెంటు 1839లో వచ్చాడు. అంతకుముందు కొన్నేళ్ళుగా పర్లాకిమిడి, పాలకొండ వైపు తిరుగుబాట్లు. 1832లో కంపెనీ వాళ్ళు జార్జి రస్సెల్ అనే అధికారిని ప్రత్యేక కమిషనరుగా పంపారు. మైదానంలో నడిచే కోర్టులూ, రూల్సూ ఈ కొండల్లో పనికిరావని తేల్చారు. 1839 నాటి 24వ చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఆ ప్రాంతాల్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి, సివిలూ క్రిమినలూ మొత్తం కలెక్టరు చేతిలో పెట్టారు. ఆ హోదాలో ఆయన 'గవర్నరుకి ఏజెంటు'. ఏజెంటుగారి ఏలుబడిలో ఉన్నది కాబట్టి ఏజెన్సీ. అంతే! అక్కడుండే సవరలు, జాతాపులతో ఆ పేరుకి ఏ సంబంధమూ లేదు. దొరగారి ఉద్యోగం పేరు వాళ్ళ ఊళ్ళకి అంటుకుంది.

పేరుతో పోయిందా అంటే, లేదు. షావుకారు అప్పులకి కొండవాళ్ళ భూములు పోతుంటే 1917లో ఒక చట్టం తెచ్చారు. కొండజాతివాడి భూమిని బయటివాడికి రాయాలంటే ఏజెంటు అనుమతి కావాలి. మంచి చట్టమే. కాగితం మీద. 1959లో ఇంకో రెగ్యులేషన్ వచ్చింది. అయినా 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర, మొండెంఖల్ సభకి వెళ్తున్న గిరిజనుల్లో కోరన్న, మంగన్న కాల్పుల్లో చనిపోయారు. శ్రీకాకుళ ఉద్యమం రగిలింది అక్కడే. 1970 సవరణలో గానీ, ఏజెన్సీలో గిరిజనేతరుడి దగ్గరున్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందే అనుకోవాలి, కాదంటే అతనే రుజువు చేసుకోవాలి అన్న నిబంధన రాలేదు. 1917 నుంచి లెక్కేస్తే 53 ఏళ్ళు.

1950 నాటి రాజ్యాంగంలో వీటి పేరు 'షెడ్యూల్డ్ ప్రాంతాలు'. జనం నోట్లో మాత్రం ఏజెన్సీయే.

అన్నట్టు, సోషియాలజీ వాళ్ళు ఇదే మాటని ఇంకోలా వాడతారు. మనిషి తన నిర్ణయం తాను తీసుకోగలగడం వాళ్ళకి 'ఏజెన్సీ'. సీతంపేటలో నిలబడి ఆలోచిస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

మన్యం అనే తెలుగు మాట ఉంది కదా అంటారేమో. ఉంది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా పెట్టినప్పుడు బోర్డుల మీదకీ ఎక్కింది. వానాకాలం వస్తే పేపర్లో హెడ్డింగు మాత్రం "ఏజెన్సీలో జ్వరాలు" అనే ఉంటుంది.