గ్రాఫిక్స్ కార్డూ, మా నాన్నకి చెప్పిన అబద్ధమూ

మొన్నామధ్య ఓ ఆదివారం మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. వచ్చీ రాగానే, "మావయ్యా, నువ్విచ్చిన పాత కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు మార్చాలి. ఆటలకి కాదు, చదువుకోడానికే" అన్నాడు. పక్కనే పేపరు చదువుకుంటున్న మా నాన్న కళ్ళజోడు పైనుంచి నావైపు ఒక చూపు చూసి, మళ్ళీ పేపర్లో తల దూర్చేశారు. ఆ చూపు వెనక ఒక కథుంది. అది నా కథే అయినా, మన సైబరాబాదు చరిత్ర కూడా అందులో కొంచెం కలిసే ఉంది. అందుకే ఈ టపా.

2004లో డిగ్రీ పట్టా పట్టుకుని ఒంగోలు నుంచి వచ్చి అమీర్‌పేటలో జావా కోర్సులో చేరాను. ప్రాక్టీసుకి కంప్యూటర్ కావాలంటే నాన్న పీఎఫ్ లోను పెట్టి డబ్బు పంపారు. అప్పట్లో కంప్యూటర్ కొనడమంటే సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరే. అందరం సీటీసీ అనేవాళ్ళం. ఒక షాపులో కొటేషన్ రాయించుకోవడం, ఆ కాగితం పక్క షాపులో చూపించడం, వాడు వంద తగ్గిస్తే మళ్ళీ మొదటి షాపుకి పరిగెత్తడం. రోజంతా అలా తిరిగి తిరిగి ఇంటెల్ 865 బోర్డు కొన్నాను. అందులో గ్రాఫిక్స్ కార్డుకి ఉన్నది ఏజీపీ స్లాటు. సరిగ్గా ఆ ఏడాది జూన్‌లోనే ఇంటెల్ 915 చిప్‌సెట్‌తో పీసీఐ ఎక్స్‌ప్రెస్ బోర్డులు వచ్చాయి. "అదింకా కొత్తది భయ్యా, రేటెక్కువ. ఏజీపీ అయితే పదేళ్ళు ఢోకా లేదు" అన్నాడు షాపతను. నమ్మేశాను.

పదేళ్ళు కాదు కదా, మూడేళ్ళు కూడా ఆగలేదు. అసలా రెండు స్లాట్లకీ తేడా ఏంటో అప్పుడు నాకు తెలిస్తే కదా! ఏజీపీ 1997లో బోర్డుల మీదకొచ్చింది. కార్డుకి బొమ్మ సరుకు వేగంగా అందించడమే దాని పని. 8ఎక్స్ దగ్గరకొచ్చేసరికి సెకనుకి 2.1 గిగాబైట్లు పంపగలిగేది. కానీ కార్డు నుంచి డేటా వెనక్కి రావాలంటే మాత్రం పాత పీసీఐ పద్ధతిలో నత్తనడకే. ఎందుకంటే అప్పటికి దాన్ని వెనక్కి అడిగేవాళ్ళే లేరు. కార్డులోకి వెళ్ళింది మానిటర్ మీదకి వెళ్ళాలి, అంతే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ అలా కాదు. 16 లేన్లలో సెకనుకి 4 గిగాబైట్లు వెళ్తాయి, అదే సమయంలో అంతే వేగంగా వెనక్కీ వస్తాయి. గేమర్లు "మొదటిదానికి రెట్టింపు వేగం" అని మురిసిపోయారు గానీ, అసలు విశేషం ఆ రెండో దారి. లెక్క ఇస్తే జవాబు తిరిగొచ్చే దారి అది.

ఇక 2007కి వద్దాం. మాదాపూర్‌లో ఉద్యోగం, కొండాపూర్‌లో నలుగురం కలిసుండే బ్యాచిలర్ రూము. ఆ నవంబర్లో క్రైసిస్ విడుదలైంది. దానికి ముందు నెలలోనే ఎన్విడియా 8800 జీటీ వచ్చింది. నా దగ్గర చీటీ పాడిన డబ్బుంది. చెల్లెలి పెళ్ళికని పక్కన పెట్టమని నాన్న చెప్పిన డబ్బది. నేనేం చేశానో చెప్పక్కర్లేదనుకుంటా. కార్డు మార్చబోతే ఏజీపీ స్లాటులో పట్టదు కాబట్టి బోర్డు మార్చాలి, బోర్డు మారితే ప్రాసెసరూ ర్యామూ మారాలి. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చి, పిల్లి పాలకోసం ఆవుని తెచ్చుకున్న సన్యాసి కథే. మిగిలింది పాత క్యాబినెట్టూ, దాంతో వచ్చిన ఎస్సెంపీఎస్సూ. కార్డు డబ్బా ఒళ్ళో పెట్టుకుని సికింద్రాబాద్ నుంచి హైటెక్ సిటీ స్టేషన్ దాకా ఎమ్మెమ్టీఎస్‌లో వచ్చాను. ఫోన్లో నాన్నకి మాత్రం "ఆఫీసు పనికి కావాల్సొచ్చింది నాన్నా" అని చెప్పాను.

8800 జీటీ 105 వాట్లు లాగుతుంది. స్లాటు ఇవ్వగలిగేది 75, మిగతాది ఆరు పిన్నుల తీగతో ఎస్సెంపీఎస్ నుంచి రావాలి. నా ఎస్సెంపీఎస్ స్టిక్కర్ మీద 450 వాట్లని ఘనంగా రాసుంది గానీ ఆ ఆరు పిన్నుల తీగే లేదు. కన్వర్టర్ తగిలించి నడిపించాను. ఏప్రిల్ ఎండల్లో ఓ రాత్రి ఫట్‌మని శబ్దం, కాలిన వాసన. ఎస్సెంపీఎస్ పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోయింది. మేలో చెల్లెలి పెళ్ళి. నాన్న వేరే చోట అప్పు తెచ్చారు. నన్నొక్క మాట అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు అసలు చరిత్ర. నేను క్రైసిస్‌లో అడవులు తగలబెడుతున్న ఆ రోజుల్లోనే, మా రూముకి బండి మీద పావుగంట దూరంలో, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ఇద్దరు ఇదే కుటుంబానికి చెందిన 8800 జీటీఎక్స్ కార్డుని వేరే పనికి వాడుతున్నారు. ప్రొఫెసర్ పి.జె. నారాయణన్, ఆయనతో పనిచేసిన పవన్ హరీష్. 2007 డిసెంబర్లో గోవాలో జరిగిన హెచ్‌ఐపీసీ సదస్సులో వాళ్ళ పేపరు వచ్చింది. కోటి శీర్షాలున్న గ్రాఫులో ఒక చోటు నుంచి మిగతా అన్నిటికీ అతి దగ్గరి దారులు ఒకటిన్నర సెకన్లలో లెక్క కట్టారు. అదీ 600 డాలర్ల గేమింగ్ కార్డు మీద. జీపీయూ మీద గ్రాఫ్ అల్గారిథమ్స్ గురించి రాసేవాళ్ళు ఈ రోజుకీ ఆ పేపరుని తలుచుకుంటారు.

దానికి వాళ్ళు వాడింది కుడా. 2006 నవంబర్లో ఎన్విడియా ప్రకటించిన ప్రోగ్రామింగ్ పద్ధతి. తెలుగులో చదివితే భలే కుదిరింది, ఆట ఆడుతుంది, లెక్కలు "కూడా" చేస్తుంది! వాళ్ళ కార్డులో 128 చిన్న ప్రాసెసర్లు, నా కార్డులో 112. కుడా టూల్‌కిట్ ఉచితం. రెండో దారి ఉన్న స్లాటు నా బోర్డులో కూడా ఉంది. నాన్నకి చెప్పిన అబద్ధాన్ని నిజం చేసుకోడానికి కావాల్సినవన్నీ నా టేబుల్ కిందే ఉన్నాయి. నాకు తట్టలేదు, అంతే. పగలు ఎవరో అమెరికా క్లయింటు రాసిన కోడ్‌లో బగ్గులు వెతకడం, రాత్రి ఆడుకోవడం. అదే ఏడాది జనవరిలో ఎన్విడియా పోర్టల్‌ప్లేయర్ కంపెనీని కొంటే, దాంతోపాటు హైదరాబాద్ టీమ్ కూడా వాళ్ళకి వెళ్ళింది. అంటే చిప్పు చేసేవాళ్ళు ఈ ఊళ్ళోనే, దాని మీద పరిశోధన చేసేవాళ్ళు ఈ ఊళ్ళోనే, కొని ఆడుకునే నేనూ ఈ ఊళ్ళోనే. ముగ్గురం ఒకే ట్రాఫిక్‌లో ఇరుక్కుని కూడా ఒకళ్ళకొకళ్ళం తెలీదు.

ఆ తర్వాత జరిగింది మీకు తెలిసిందే. మనలాంటి ఆటగాళ్ళ డబ్బుతో పెరిగిన చిప్పు పెద్ద పనుల్లోకి వెళ్ళిపోయింది. 2020 మధ్యలో ఎన్విడియా డేటా సెంటర్ ఆదాయం మొదటిసారి గేమింగ్‌ని దాటింది. 2025 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో డేటా సెంటర్ వాటా దాదాపు 115 బిలియన్ డాలర్లు, గేమింగ్ వాటా 11 బిలియన్లు. హైదరాబాద్‌లో పెద్ద సెంటరున్న మైక్రాన్ 2025 డిసెంబర్లో తన క్రూషియల్ బ్రాండు కింద మామూలు జనానికి ర్యామ్ అమ్మడం మానేస్తానని ప్రకటించింది. పెళ్ళివాళ్ళం మనమే అనుకుంటూ వచ్చాం, ఇప్పుడు చూస్తే చివరి బంతిలో ఉన్నాం.

సరే, మావాడి పెట్టె సంగతి. 2017లో నేను కట్టిన కంప్యూటర్. ఏడో తరం ఐ5, జీటీఎక్స్ 1060. 2025 ఆగస్టులో వచ్చిన కుడా 13 ఈ కార్డు తరాన్ని వదిలేసింది. మామూలు గేమ్ డ్రైవర్లు అదే ఏడాది అక్టోబర్‌తో ఆగాయి. ఆ నెలలోనే విండోస్ 10కీ నూకలు చెల్లాయి, 11కేమో ఈ ప్రాసెసర్ పనికిరాదంటారు. కాబట్టి లైనక్స్ వేద్దామన్నాడు, మంచిదే.

కార్డు దగ్గర పేచీ వచ్చింది. కొత్తది ఆర్టీఎక్స్ 5060 (2025), 8 జీబీ మెమరీ, ఆటల్లో వేగం ఎక్కువ. పాతది ఆర్టీఎక్స్ 3060 (2021), నిదానం గానీ 12 జీబీ. నేనైతే కళ్ళు మూసుకుని కొత్తదే అనేవాణ్ణి. వాడేమన్నాడో చూడండి. "మావయ్యా, మోడల్ మెమరీలో పట్టకపోతే వేగం ఉండి ఏం లాభం? పైగా 5060 వాడేది 8 లేన్లే. మన బోర్డు పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0. మెమరీ నిండి డేటా ర్యామ్‌లోకి వెళ్ళాల్సొస్తే దారి సగమే ఉంటుంది. 3060కి 16 లేన్లు." ఇరవై ఏళ్ళ కింద షాపతన్ని నేను అడగాల్సిన ప్రశ్న ఇదే! స్లాటు గురించీ, తిరిగొచ్చే దారి గురించీ.

సెకండ్ హ్యాండ్ 3060కే ఒప్పుకున్నాను. 2022 సెప్టెంబర్లో ఈథీరియం మైనింగ్ ఆగిపోయేదాకా రాత్రింబవళ్ళు గనిలో పనిచేసిన కార్డేమోనని భయం కాబట్టి, డబ్బిచ్చే ముందు గంటసేపు లోడ్ మీద నడిపించి చూశాం. దానికి 170 వాట్లు కావాలి. మా పాత ఎస్సెంపీఎస్‌లో ఉన్నది ఒక్క ఆరు పిన్నుల తీగే. కన్వర్టర్ మాటెత్తబోయి నాలిక్కరుచుకున్నాను. కొత్త ఎస్సెంపీఎస్ కొన్నాం, అదీ బిల్లుతో. డబ్బంతా నేనే ఇచ్చాను. చెల్లెలు "నీకెందుకురా అన్నయ్యా అంత ఖర్చు" అని మొహమాటపడితే, అప్పుడు చెప్పాను ఆ చీటీ సంగతి. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వడ్డీ ఎవరిస్తారు?" అంది.

కార్డు బిగించి, మావాడు మొదటి కుడా ప్రోగ్రాం నడిపాడు. రెండు పెద్ద వరసల అంకెలు కూడే చిన్న ప్రోగ్రాం. జవాబు వెనక్కొచ్చింది. వెనక నిలబడి చూస్తున్న నాన్న మెల్లగా అడిగారు:

"ఏరా, అప్పట్లో నీ ఆఫీసు పని ఎందాకా వచ్చింది?"

తా.క.: మీ పాత పెట్టెకి కొత్త కార్డు కొనాలనుకుంటే ముందు కార్డు రివ్యూలు చూడకండి. పెట్టె మూత తీసి స్లాటూ, ఎస్సెంపీఎస్ తీగలూ చూడండి. ఆ తర్వాత ఎవరికి ఏమని చెప్పి కొంటున్నారో కూడా ఓసారి చూసుకోండి.